ఇంటికి పెట్టిన పేరు

గ్యాస్ బండ మర కట్టేసి ఉందో లేదో చూడడానికి షుయ్‌మూ మూడోసారి వంగాడు. కట్టేసే ఉంది. అయినా ఇంకాస్త బిగించి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత కుళాయి చూశాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు చూశాడు. చలికాలం పోయాక ఎవరూ తాకని హీటరు స్విచ్చు కూడా చూశాడు.

“అది నీ ముఖం చూసి జడుసుకుని ఎప్పుడో ఆరిపోయుంటుంది. ఇక కదులు,” అంది గిన్‌హోంగ్ కుర్చీలోంచి.

అతను నవ్వలేదు. గొడుగు తీసుకున్నాడు. మాత్రల డబ్బాలో ఇవాళ్టి గడి ఖాళీ అయిందని రూఢి చేసుకున్నాడు. చివరికి బీరువా మీదికి చూశాడు. అక్కడ పిడికిలంత కెమెరా, దాని ముందు చిన్న ఆకుపచ్చ దీపం. మార్చిలో అక్క స్నానాలగది గడప దగ్గర పడిపోయి, సాయంత్రం అతను వచ్చేదాకా లేవలేక అక్కడే ఉండిపోయింది. ఆ మర్నాడే తెచ్చిపెట్టాడు దాన్ని. కిటికీ పక్కన పేము కుర్చీ, కిటికీలో సగం, వంటగది గుమ్మం అంచు. దాని చూపు అంతవరకే.

గిన్‌హోంగ్ తమ్ముడి కంటే పదమూడేళ్ళు పెద్ద. మనిషి పొట్టి, భుజాలు మాత్రం వెడల్పు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉంటాయి. పరికిణీ వయసు నుంచే రేవు దగ్గరి షెడ్డులో మంచు తొట్టె ముందు కూర్చుని రొయ్యలు ఒలిచిన చేతులవి. ఈ ఏడాది మొదలు ఆమె పెదవులకు నేరేడుపండు తిన్నట్టు ఒక నీలి ఛాయ వచ్చింది. గుండెలో కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని, మెట్ల జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ మాటెత్తితే ఆమె తీసిపారేసింది. “ఇన్నేళ్ళు నన్ను అడక్కుండానే కొట్టుకుంది. ఇప్పుడు దాన్ని కోసి నేర్పించేదేముంది?” అంది.

మెట్ల జోలికి పోకుండా ఆ ఇంట్లోంచి ఎక్కడికీ పోలేరు. కొండవాలున ఉన్న ఇల్లది. కింద వీధికి చేరాలంటే ఇరుకు మెట్లదారి ఒక్కటే. మెట్ల అడుగున, అక్క స్నేహితురాలు, షుయ్‌మూ వరసపెట్టి పిలిచే ఖిమ్ వదిన సెలూన్ ఉంది. ఆ ఉదయం గొడవ దాని గురించే. జుట్టు చెవుల మీదికి వచ్చింది, కిందికి వెళ్ళి కత్తిరించుకుని వస్తానని గిన్‌హోంగ్ అంది. సాయంత్రం తాను వచ్చి చెయ్యి పట్టుకుని దింపుతానన్నాడు షుయ్‌మూ.

“జుట్టు తీయించుకోవడానికి కూడా నీ ఆఫీసు వేళలు చూసుకోవాలట్రా బోకా? పైగా ఆ కన్నొకటి. రెప్పయినా వెయ్యదు,” అంది గిన్‌హోంగ్. బోకా అన్నది అతని ముద్దుపేరు.

“ఒక్క పూట ఆగక్కా. ఇవాళ మధ్యాహ్నం దాకా నువ్వు నాకు కెమెరాలో కనబడవు. ఆఫీసులో సర్వర్ మారుస్తున్నాను.”

“కనబడనా?” ఆమె ముఖం విప్పారింది. “అయితే ఇవాళ నా ఇల్లు నాది. ఫోన్లు చేసి చంపకు. పడుకుంటాను.”

అతను గుమ్మం దాటి నాలుగు మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి వచ్చి తలుపు లాగి చూశాడు. లోపల అక్క దగ్గినట్టో, నవ్వినట్టో వినబడింది.

బస్సులో అతనెప్పుడూ తలుపు దగ్గరే నిలబడతాడు, సీట్లు ఖాళీగా ఉన్నా సరే. కూర్చుంటే దిగాల్సిన చోటు దాటిపోతానేమోనని. సన్నటి మనిషి, మెడ కాస్త ముందుకు వాలి ఉంటుంది, ఎవరో వెనక నుంచి పిలిచారేమోనని సగం తిరిగి ఆగినట్టు. చొక్కా జేబులో కడుపు మంటకు నమిలే మాత్రలు ఉంటాయి. వాటికంటే చల్లారిన పెసల జావ మేలంటుంది అక్క. యాభయ్యో ఏడు వచ్చినా కొత్త వాళ్ళతో మాట్లాడవలసి వస్తే ముందుగా మనసులో ఒకసారి అనుకుని గానీ పైకి అనడు. రేవు మీద మబ్బు కిందికి దిగి ఉంది. గద్దలు నీళ్ళ మీద తక్కువ ఎత్తులో తిరుగుతున్నాయి. వాన మధ్యాహ్నానికి వస్తుంది అనుకున్నాడు.

అతనికి అమ్మ ముఖం గుర్తు లేదు. తండ్రి ఓడరేవులో మూటలు మోసేవాడు. ఒక శీతాకాలం క్రేను తాడు తెగి పోయాడు. అప్పటికి గిన్‌హోంగ్ పెళ్ళీడుకు వచ్చింది. సువావ్ అనే ఇంకో రేవు ఊరి నుంచి పడవ ఇంజన్లు బాగుచేసే అతనొకడు సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చాడు. ఇద్దరూ ఒకసారి కలిసి నూడుల్స్ తిన్నారు. ఆ తర్వాత అతను రాలేదు. ఏమైందని అడిగినవాళ్ళకు, నా చేతుల్లో రొయ్యల వాసన అతనికి పడలేదట, అని చెప్పి ఆమే ముందుగా నవ్వేది. తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంటానని ఆమె అడిగిందనీ, అతను ఒప్పుకోలేదనీ ఖిమ్ వదిన చాలా ఏళ్ళ తర్వాత చెబితే గానీ షుయ్‌మూకు తెలియలేదు.

టెక్నికల్ స్కూలు, నౌకాదళంలో సిగ్నల్ విభాగం, ఆ తర్వాత టెలిఫోన్ కేబుళ్ళు లాగే పని. ఊళ్ళోని బడులన్నిటినీ కంప్యూటర్లతో కలపాలని నగరపాలక సంస్థ తలపెట్టినప్పుడు, పైకప్పుల మీద బోర్లా పడుకుని వైర్లు దూర్చినవాళ్ళలో అతనొకడు. అప్పుడు సర్వర్ గదిలో పనిచేసే కుర్రాడు రాజధాని తైపేలో మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ, కొత్తవాళ్ళు వచ్చేదాకా కాస్త కనిపెట్టుకుని ఉండమని తాళం చెవి ఇతని చేతిలో పెట్టాడు. కొత్తవాళ్ళెవరూ రాలేదు. ఆ తాళం చెవి పదేళ్ళకు పైగా అతని దగ్గరే ఉంది.

అతను చూసుకునేది పేర్ల సర్వర్. జనం పేర్లు రాస్తారు, యంత్రాలకు అంకెలే తెలుసు. ఏ పేరుకు ఏ అంకె అని అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పేది ఆ సర్వరే. అది పనిచేస్తున్నంత కాలం అలాంటిదొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఆగితే మాత్రం ఊళ్ళో ప్రతి బడికీ ఇంటర్నెట్టే పోయినట్టు ఉంటుంది. అందుకే అతని ఉద్యోగంలో మెచ్చుకోలు అనేది లేదు. ఫోన్లు రాకపోవడమే మెచ్చుకోలు. మీ తమ్ముడేం చేస్తాడని అడిగితే గిన్‌హోంగ్, “ఊళ్ళో బళ్ళన్నిటికీ హాజరు పిలుస్తాడు,” అని చెప్పేది. అంతకంటే బాగా తానూ చెప్పలేనని అతను అనుకునేవాడు.

సెక్షన్ హెడ్ వెన్ మేడమ్ అప్పటికే వచ్చి ఉంది. నలభై దాటని మనిషి. ఇద్దరు కవల పిల్లల తల్లి. భుజం మీద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉంటుంది. పైనుంచి మళ్ళీ గుర్తుచేశారని, ఇవాళ మధ్యాహ్నంలోగా మార్చేశామని రాయాలని చెప్పింది. ఆ వేసవి ప్రపంచమంతటా అదే హడావిడి. పేర్ల సర్వర్లు తమకు తెలియని పేరు గురించి ఇంకో సర్వర్‌ను అడుగుతాయి. ఆ ప్రశ్న బయటికి వెళ్ళే ద్వారం ఎప్పుడూ ఒకటే అయితే, దొంగ ఎవడైనా అక్కడే కాచుకుని, అసలు జవాబు రాకముందే దొంగ జవాబు చేతిలో పెట్టేయొచ్చు. బ్యాంకు అని రాసినవాడు తనకు తెలియకుండానే దొంగ ఇంటికి వెళ్ళి కూర్చుంటాడు. దీనికి మందు ఒకటే. ప్రతి ప్రశ్నా ఎవరూ ఊహించలేని కొత్త ద్వారం నుంచి వెళ్ళాలి. అందుకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అతని పాత యూనిక్స్ యంత్రం దాన్ని మోయలేదు. పక్కనే కొత్త లినక్స్ యంత్రం బిగించి వారమైంది. ఇవాళ పాతదాన్ని ఆపి, దాని అంకెను కొత్తదానికి ఇవ్వాలి.

ఆపే ముందు అతను తన బల్ల మీది కంప్యూటర్లో ఒక చిన్న కిటికీ తెరిచాడు. ఇంటి కెమెరా. కొన్ని క్షణాలకొకసారి బొమ్మ మారుతుంది. ఇంటి కనెక్షన్ అంకె రోజుకొకటిగా మారుతూ ఉంటుంది కాబట్టి, ఇంట్లోని ఇంటర్నెట్ పెట్టె తన కొత్త అంకెను ఆఫీసు సర్వర్‌కు తెలియజేసేలా, ఆ సర్వర్ దాన్ని ఒక పేరు కింద ఉంచేలా ఏర్పాటు చేశాడు. బడుల పేర్లన్నిటి చివర, వరుసలో ఆఖరున, తన ఇంటికి ఒక పేరు పెట్టాడు. హోంగ్. ప్రభుత్వ సర్వర్‌లో సొంత ఇంటి పేరు. అతను జీవితంలో చేసిన నియమభంగం అదొక్కటే. ఎవరైనా ఆ వరుస చదువుతారేమోనని అయిదు నెలలుగా లోలోపల కుదురు లేదు.

బొమ్మలో కుర్చీ ఖాళీగా ఉంది.

వంటగదిలో ఉండి ఉంటుంది. లేదా స్నానాలగదిలో. లేదా గొడుగు తీసుకుని మెట్ల మీద. అతను బొమ్మ ఇంకోసారి మారేదాకా ఆగాడు. ఇంకోసారి ఆగాడు. వెనక నుంచి మేడమ్, “మొదలుపెట్టారా?” అని అడిగింది. మొదలుపెట్టానని చెప్పి, పాత సర్వర్ ఆపేశాడు. ఖాళీ కుర్చీ ఉన్న బొమ్మ అలాగే గడ్డకట్టి, కాసేపటికి దాని స్థానంలో తెల్లటి పేజీ వచ్చింది. ఆ పేరు గలది ఎక్కడా లేదని రాసి ఉంది దాని మీద.

సర్వర్ గదిలో చలి. జేబులోంచి మాత్ర తీసి నమిలాడు. లాప్‌టాప్ తగిలించి, దానిలోంచి కొత్త యంత్రంలో అమరికల ఫైలు తెరిచి, రాత్రి ఇంట్లో కాగితం మీద అనుకున్నట్టే ఒక్కొక్కటీ సరిచూశాడు. ప్రశ్నలన్నీ ఒకే ద్వారం నుంచి వెళ్ళాలని చెప్పే వాక్యం అందులో ఒకటి ఉంది. కాపలా కాసే ఫైర్‌వాల్‌కు సులువుగా ఉంటుందని ఎన్నో ఏళ్ళ కిందట అతనే రాశాడు. అప్పుడది జాగ్రత్త. ఇప్పుడు అదే ప్రమాదం. ఆ వాక్యం ఉంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎంత వేసినా వ్యర్థం. దాన్ని చెరిపేశాడు. నిజంగా చెరిగిందా లేదా అని ఫైలు మూసి మళ్ళీ తెరిచి చూశాడు. సర్వర్‌ను లేపే ఆజ్ఞ ఇచ్చాడు.

తాళం తయారవుతోంది అని ఒక వాక్యం తెర మీద వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

అతను ఎదురుచూశాడు. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. చేతులు చంకల కింద పెట్టుకున్నాడు. బయట ఆఫీసులో మొదటి ఫోన్ మోగింది, మేడమ్ ఎత్తింది. రెండో ఫోన్ మోగింది. అక్కడ ఆగస్టు దాకా ఉండే వేసవి సెలవులైనా పాఠశాలల ఆఫీసులు తెరిచే ఉన్నాయి. రెండో పేర్ల సర్వర్ ఇంకోచోట ఉంది గానీ, దాని నుంచి జవాబు నత్తనడకన వస్తుంది. అతను తెర వైపు వంగాడు. తాళం తయారవుతోంది. అంతే.

సర్వర్‌ను అదుపు చేయడానికి ఒక రహస్య తాళం కావాలి. దాన్ని ఎవరూ ఊహించకూడదు. ఊహించలేని దాన్ని యంత్రం తనంతట తాను పుట్టించలేదు. లోపల అన్నీ లెక్క ప్రకారం జరిగేవే. అందుకని బయటి నుంచి కాస్త అడ్డదిడ్డం పోగుచేసుకుంటుంది. ఎవరో మీటలు కొట్టడం, మౌస్ జరపడం, డిస్కు తడబడడం, అలాంటివి. ఇది కొత్త యంత్రం. దీనికి సొంత కీబోర్డు లేదు, మౌస్ లేదు, లాప్‌టాప్‌లో కొట్టేవి దీని లెక్కలోకి రావు, దాన్ని ఎవరూ కదపలేదు. చీకటి గదిలో పుట్టి పెరిగిన బిడ్డలా దానికి ఏ అలజడీ తెలియదు. పోగుచేసుకున్న కాస్తా అయిపోయి, ఇంకాస్త దొరికేదాకా కూర్చుంటుంది. ఎంతసేపైనా కూర్చుంటుంది.

పరీక్షించినప్పుడు ఇలా కాలేదు. అప్పుడు కీబోర్డు తగిలించి పనిచేశాడు మరి. ఆ సంగతి ఇప్పుడు తట్టి, అతనికి చెవులు వేడెక్కాయి.

స్టోరులోంచి పాత కీబోర్డు వెతికి తెచ్చి తగిలించాడు. తెర ముందు నిలబడే మీటలు కొట్టడం మొదలుపెట్టాడు. ఏ అక్షరం కొట్టాడన్నది లెక్క కాదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎంత ఎడం ఉందన్నదే యంత్రం పోగుచేసుకుంటుంది. తోచినట్టు కొట్టాలి. కానీ అతని వేళ్ళు కాసేపటికే ఒకే వరుసలో, ఒకే తూగులో పడిపోయాయి, మిషను కుట్టినట్టు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే తూగు. ఒక చేత్తో కొడుతూ, ఇంకో చేత్తో సెల్‌ఫోన్ తీసి ఇంటికి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మోసగాళ్ళ ఫోన్లు ఎక్కువయ్యాక వాళ్ళిద్దరూ ఒక గుర్తు పెట్టుకున్నారు. రెండుసార్లు మోగించి పెట్టేసి, మళ్ళీ చేయాలి. అలా చేశాడు. ఎత్తలేదు. పడుకుంటానంది కదా. చేయొద్దంది కదా.

సెలూన్‌కు చేశాడు. ఖిమ్ వదిన ఎత్తింది. వెనక హెయిర్ డ్రయ్యర్ చప్పుడు.

“వదినా, అక్క అక్కడికి వచ్చిందా?”

“రాలేదే. వస్తానందా? ఈ మెట్లు దిగా?”

“లేదు, లేదు. ఊరికే అడిగాను.”

“పైకి వెళ్ళి చూడమంటావా బోకా? ఒకావిడ తల నురగలో ఉంది. అయ్యాక వెళ్తాను.”

అతను కీబోర్డు మీద వేలు ఆపాడు. కిందటి వారం ఇలాగే ఏదో భయపడి ఖిమ్ వదినను ఒకే రోజు మూడుసార్లు పైకి పంపాడు. మూడోసారి గిన్‌హోంగ్ తలుపు తీయకుండా లోపలి నుంచే కేకలేసింది. ఆ సాయంత్రం తమ్ముడితో మాట్లాడలేదు. అన్నం గిన్నె బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి, నేను చచ్చానో లేదో ఊరంతటి చేత చూపించకు, అని మాత్రం అంది. ఇంకోసారి ఎవర్నయినా పంపితే ఆ కెమెరాను కిటికీలోంచి రేవులోకి విసిరేస్తానంది.

“వద్దు వదినా,” అన్నాడు. “పడుకుని ఉంటుంది.”

వెన్ మేడమ్ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. అతను నిలబడి కీబోర్డును బాదుతూ ఉండడం చూసి ఆగిపోయింది. ఏమిటిదని అడిగింది.

“దానికి కాస్త గందరగోళం కావాలి మేడమ్. అది దొరికితే గానీ తాళం చేయదు.”

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది, హాస్యమాడుతున్నాడేమోనని. కాదని తెలిసి, “గందరగోళమే అయితే మా ఇంటికి పంపండి. కవలలున్నారు,” అంది. కుర్చీ లాగి పక్కన కూర్చుని, “జరగండి. నేనూ కొడతాను,” అని చెయ్యి చాచింది. ఇద్దరూ ఒకే కీబోర్డు మీద చెరో పక్క నుంచి కొట్టారు. ఇద్దరి వేళ్ళూ కలిసేసరికి ఆ తూగు చెదిరింది. కొడుతూనే ఆమె తెర మీద పక్కన తెరిచి ఉన్న పేర్ల వరుస చూసింది. కళ్ళు కిందికి జారి, ఆఖరి పేరు దగ్గర ఆగాయి.

హోంగ్ అనే బడి ఎక్కడుందని అడిగింది.

అతని వేళ్ళు ఆగిపోయాయి. మాటలు మనసులో అనుకోవడానికి కూడా వ్యవధి లేదు. “మా ఇల్లండీ. మా అక్క ఒక్కతే ఉంటుంది. గుండె బాగాలేదు. ఇక్కణ్ణుంచి చూసుకుంటూ ఉంటాను. ఇవాళే తీసేస్తాను. పొరపాటైంది.”

ఆమె కొడుతూనే ఉంది. కాసేపటికి, ఎవరడిగారు తీయమని, అంది.

అయిదు నెలల బరువు అలా ఒక్క మాటతో దిగిపోతుందని అతను అనుకోలేదు. అప్పుడే తెర మీద తాళం అయిందని వచ్చి, దాని వెంబడే వాక్యాలు గబగబా పైకి పాకాయి. సర్వర్ లేచింది. బయట ఫోన్లు ఒక్కొక్కటే మోగడం మానేశాయి.

అతను తన బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. తెల్లటి పేజీని మళ్ళీ తెరిపించాడు. రాలేదు. ఇంట్లోని పెట్టె తన అంకెను తెలియజేయాలి, అందుకు కొంతసేపు పడుతుంది. నిలబడే ఎదురుచూశాడు. మళ్ళీ తెరిపించాడు. బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా విచ్చుకుంది. ముందు కిటికీ పై చట్రం, పరదా, ఆ తర్వాత కుర్చీ వీపు, ఆ తర్వాత నెరిసిన జుట్టు.

గిన్‌హోంగ్ కుర్చీలో ఉంది. తల కిటికీ వైపు వాలి ఉంది. ఒక చెయ్యి ఒళ్ళో, ఇంకోటి కుర్చీ చేతి మీద. కళ్ళు కనబడవు, బొమ్మ అంత స్పష్టంగా ఉండదు. పడుకుంది. మెట్లు దిగలేదు, ఎక్కడా పడలేదు, చెప్పినట్టే పడుకుంది. షుయ్‌మూ కుర్చీలో కూలబడి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అతనికి ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత కడుపులో మంట లేకుండా అన్నం తిన్నాడు. పంది మాంసం, ఉడికించిన గుడ్డు, ఆవకూర ఉన్న డబ్బాను చివరి మెతుకు దాకా తిన్నాడు. మేడమ్ బల్ల మీది నుంచి మామిడి ముక్కలు పంపితే వాటినీ తిన్నాడు. తర్వాత పని సరిగ్గా జరిగిందో లేదో బయటి నుంచి పరీక్షించాడు. ప్రశ్నలు నిజంగానే ఒక్కొక్కటీ ఒక్కో ద్వారం నుంచి వెళ్తున్నాయి. ఆ అంకెల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. అతను వాటిని కాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. తన చేత అయిన పనుల్లో ఇంత క్రమం లేనిది ఇంకోటి లేదు. దాన్ని చూస్తే అతనికి సంతోషంగా ఉంది. పని పూర్తయినట్టు మేడమ్ పైకి రాసింది. అతని పేరు కూడా రాశానని చెప్పింది.

మధ్యమధ్య చిన్న కిటికీ వైపు చూశాడు. అక్క పడుకునే ఉంది. ఈ మధ్య రాత్రులు ఆయాసంతో నిద్ర పట్టడం లేదు, ఇవాళైనా పడుకోనీ అనుకున్నాడు. సాయంత్రం వెళ్ళగానే కిందికి దింపుతాను, మేడమ్ అన్న మాట చెబుతాను అనుకున్నాడు. చెబితే ఏమంటుందో కూడా అతనికి తెలుసు. అంత భయపడి చచ్చావు కదా, ఆ అమ్మాయికి ఏమైనా తీసుకెళ్ళి ఇవ్వు, అంటుంది.

వాన వచ్చింది. మొదట రేవు కనబడకుండా పోయింది, తర్వాత ఎదుటి కొండ. ఆఫీసు కిటికీ అద్దాల మీద నీళ్ళు తాళ్ళలా జారుతున్నాయి. ఎవరో లేచి దీపాలు వేశారు. షుయ్‌మూ ఒక బడి నుంచి వచ్చిన ఉత్తరానికి జవాబు రాస్తూ కిటికీ వైపు చూశాడు, బొమ్మలోని కిటికీ వైపు.

అది తెరిచి ఉంది. పరదా తడిసి బరువెక్కి, ఊగడం మానేసి చట్రానికి అంటుకుపోయింది. కుర్చీ చెయ్యి మెరుస్తోంది. ఆ చెయ్యి మీది చెయ్యి కూడా.

ఆ వీధిలో వాన చుక్క పడకముందే కిటికీలు మూసేది గిన్‌హోంగ్. గాలి మారగానే ఆమెకు తెలిసిపోయేది. పక్కవాళ్ళు ఇంట్లో లేకపోతే వాళ్ళ బట్టలు కూడా తీసేసేది. తడిసిన పరుపు, తడిసిన బియ్యం, తడిసిన పుస్తకాలు, ఇవన్నీ చిన్నప్పుడు ఆ ఇద్దరూ పడ్డ బాధలు. నిద్రలో ఉన్నా సరే, కప్పు మీద మొదటి చుక్క చప్పుడుకే లేచి కూర్చునేది.

బొమ్మ మారింది. చెయ్యి అక్కడే ఉంది. ఇంకోసారి మారింది.

అతను సెలూన్‌కు ఫోన్ చేశాడు. తన గొంతు తనకే మామూలుగా వినబడింది. “వదినా, ఒక్కసారి పైకి వెళ్తావా? కిటికీ తెరిచి ఉంది,” అన్నాడు. ఇంటి తాళం చెవి ఆమె దగ్గర ఒకటి ఉంది. ఫోన్ పెట్టేసి, రెండు చేతులూ బల్ల మీద బోర్లించి, తెర చూస్తూ కూర్చున్నాడు. పక్కనున్న వాళ్ళు ఏదో అడిగారు. అతనికి వినబడలేదు.

ఒక బొమ్మలో ఎవరూ లేరు. తర్వాతి బొమ్మలో ఖిమ్ వదిన గది మధ్యలో ఉంది, చేతిలో గొడుగు మూయకుండానే. తర్వాతి దాంట్లో కుర్చీ ముందు వంగి ఉంది. ఆ తర్వాత చాలాసేపు ప్రతి బొమ్మలోనూ ఆమె వీపే కనబడింది. తర్వాత ఆమె లేచి, కిటికీ మూసింది. మూసి, గడియ పెట్టి, తడిసిన పరదాను సర్ది, అప్పుడు తలెత్తి బీరువా మీదికి చూసింది. నేరుగా అతని ముఖంలోకి. ఆమె పెదవులు విడివడి ఉన్నాయి. ఏదో అంటోంది. ఆ కెమెరాకు చెవులు లేవు.

వెన్ మేడమ్ తన కారులో అతన్ని తీసుకెళ్ళింది. దారంతా వైపర్లు అటూ ఇటూ తిరిగాయి. మెట్ల దగ్గర ఆపి, తానూ వస్తానంది. వద్దన్నాడు. గొడుగు కారులోనే మరిచిపోయి తడుస్తూ ఎక్కాడు. ఎక్కుతుంటే ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు.

అక్క ముఖం కోపంగా లేదు, నొప్పిగానూ లేదు. ఎవరో చెప్పేది వింటూ మధ్యలో ఆలోచనలో పడినట్టుంది. షుయ్‌మూ ఆమె చెయ్యి తుడిచాడు. తన రుమాలుతో ముందు అరచెయ్యి, తర్వాత ఒక్కొక్క కణుపూ. డాక్టరు వచ్చి చూసి, మధ్యాహ్నం కంటే ముందే అయి ఉంటుందన్నాడు. ఎంత ముందు అని అతను అడగలేదు. అడగబోయి, ఖిమ్ వదిన వైపు చూసి ఊరుకున్నాడు.

“నేను అప్పుడే వెళ్ళి ఉండాల్సింది,” అంది ఆమె.

“నేనే వద్దన్నాను వదినా.”

“వద్దన్నా వెళ్ళాల్సింది.” ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, చెంగు లాంటి తన ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. “నీకు తెలుసా బోకా, నిన్న నాతో ఏమందో. ఆ కెమెరా వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే తల దువ్వుకుంటున్నానే, అంది. వాడు ఆఫీసులో నలుగురి మధ్య కూర్చుని చూస్తాడు కదా, తల రేగి ఉంటే వాడికి నామోషీగా ఉంటుందని. అందుకే జుట్టు కాస్త తీయించుకోవాలంది.”

షుయ్‌మూ తల తిప్పుకున్నాడు. భుజాలు కదలలేదు. ఊపిరి మాత్రం ఒక తూగు లేకుండా, ఆగి ఆగి వచ్చింది.

వాన తగ్గాక మనుషులు వచ్చి గిన్‌హోంగ్‌ను కిందికి తీసుకెళ్ళారు. మలుపు దగ్గర వాళ్ళు ఇబ్బంది పడితే, నెమ్మదిగా, నెమ్మదిగా అని అతను ముందు నడుస్తూ చెప్పాడు. తర్వాత చేయవలసినవి చాలా ఉన్నాయి. పూజారిని పిలవాలి, అంత్యక్రియలకు రోజు చూడాలి, సువావ్ పక్కన ఉన్న పినతల్లి కూతురికి కబురు పెట్టాలి. ఖిమ్ వదిన అన్నీ తాను చూస్తానని, ముందు ఏమైనా తెచ్చిపెడతానని దుకాణానికి దిగింది. మసక చీకటి పడుతోంది. రేవులో ఒక ఓడ కూత వేసింది.

మంచినీళ్ళ కోసం అతను వంటగదిలోకి వెళ్ళాడు. దీపం వేశాడు. పొయ్యి పక్కన ఈగల వలమూత కింద పెసల జావ గిన్నె ఉంది, చల్లారి, పైన సన్నటి మీగడలా పొర కట్టి, దాని పక్కన దుమ్ము పడకుండా బోర్లించిన ఒక చెంచా.